మోటారు కార్లు: మెచ్చువారు, చేయువారు, కొనువారు

మోటారు కార్లను గూర్చి మాటాడెదనని నేననగానే, ఈ వయస్సున మనకు ఆ గొడవ ఏల అని మీలో కొందఱు అనుకొనవచ్చును. కాని నేడు కోనసీమలో కొబ్బరి దింపు సొమ్ము చేతికి వచ్చినను, దూరదేశమున నున్న కుమారుడు సొమ్ము పంపినను, ఇంటిలో మొదట పుట్టునది కారు మాటయే. ఆ మాట తేలు వేళ సలహా కొఱకు పిలువబడువారు మీరు. కొన్న తరువాత వెనుక సీటున కూర్చుండి ఆసుపత్రికి పోవువారును మీరే. కనుక ఈ విషయమున మనకు పనిలేదని తొలగిపోవుటకు వీలులేదు.

ఈ ప్రసంగమునకు కారణము మా ఇంటి సంగతియే. మా అక్కయ్యది రాజోలు వైపున కాలువగట్టు మీది ఊరు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నెలకొక పర్యాయము కాకినాడకు పోయి వైద్యుని చూడవలెను. బస్సు ఎక్కలేదు, ఆటోలో అంత దూరము కూర్చుండలేదు. మా మేనల్లుడు కారు కొనుటకు నిశ్చయించి, "మావయ్యా, ఏది కొనమంటావు?" అని నన్నడిగెను. నాకు తెలిసినది పాఠము చెప్పుట మాత్రమే. అందుచేత అతనిని వెంటబెట్టుకొని, కొత్తపేటలో నేను చిరకాలముగా ఎఱిగిన ఒక మెకానిక్కు షెడ్డుకు పోతిని.

ఆ షెడ్డు వద్ద సాయంకాలము కార్ల పిచ్చిగలవారు నలుగురైదుగురు చేరుట వాడుక. ఒకరు పూర్వము టాక్సీ నడిపిన వృద్ధుడు, ఒకరు కొబ్బరి వర్తకుడు, ఒకడు కళాశాల విద్యార్థి, ఒకరు ప్లీడరు గుమాస్తా. నా ప్రశ్న వినగానే వారందఱు ఒక్క మాటమీద నిలిచిరి: కంపెనీలవారు చెడిపోయినారు, ఇప్పుడు మంచి బండి చేయువాడు లేడు అని. ఐతే చెడిపోయిన విధమేమి యని అడుగగా నాలుగు నోళ్లు నాలుగు విధములుగ చెప్పినవి. వాని సారము మూడు ఆక్షేపణలుగ నేను గ్రహించితిని. మొదటిది, పూర్వపు బండి దృఢత్వము నేటి బండికి లేదు. రెండవది, బండ్లన్నియు ఒకే మూసలో పోసినట్లు, తోక కత్తిరించి పొట్ట పెంచినట్లున్నవి. మూడవది, బండి చెడినచో ఊరి మెకానిక్కు చేయి పెట్టుటకు వీలులేకుండ చేసినారు. ఈ మూడింటిలో నిజమెంత, అభిమానమెంత యని విచారించుటయే నేటి నా పని.

పూర్వపు బండి యనగానే మన కన్నుల ముందు నిలుచునది అంబాసిడరు. హిందుస్థాన్ మోటార్సు అను కంపెనీ 1942లో స్థాపింపబడి, తరువాత కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో కర్మాగారము పెట్టినది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ అను కారు యొక్క మూడవ రకమును తెచ్చి, 1957-58 ప్రాంతమున అంబాసిడరు అను పేరున చేయ నారంభించినది. 2014 మే నెలలో కర్మాగారము ఆగువరకు, సుమారు 56 ఏండ్లు, దాని ఆకారము మారలేదనియే చెప్పవచ్చును. ముందరి జాలి మారినది, దీపములు మారినవి, పలుమారు ఇంజను మారినది. కాని గుండ్రని కప్పు, ఉబ్బిన రెక్కలు అట్లే నిలిచినవి.

టాక్సీ నడిపిన వృద్ధుడు ఆ బండి గుణములను వర్ణించుచుండగా ఆయన కన్నులు చెమర్చినవి. వెనుక సీటున నలుగురు కూర్చుండవచ్చును, తలపాగా తీయనక్కఱలేదు, పెళ్లివారి సామానంతయు డిక్కీలో పట్టును, వెనుక కమాను కట్టలుండుట చేత ఎంత బరువైనను మోయును అని ఆయన చెప్పెను. అవి యన్నియు నిజములే. ఆ బండి గోదావరిని పంటు మీద దాటి మా ఊరికి వచ్చుట చిన్నతనమున నేనును చూచితిని. బల్లలమీదుగ మెల్లగ దిగి ఇసుకలో చిక్కుకొనినచో పదిమందిమి త్రోయుచుంటిమి.

ఐతే అంత కాలము అది మారకుండుటకు కారణము దాని గొప్పతన మొక్కటియే కాదు. ఆ దినములలో ఏ కంపెనీ ఎన్ని కార్లు చేయవచ్చునో ప్రభుత్వపు లైసెన్సు నిర్ణయించెడిది. విదేశపు కార్ల రాకకు అడ్డుకట్ట యుండెను. దేశమున ముఖ్యముగ మూడే కంపెనీలు: కలకత్తా వైపు హిందుస్థాన్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డు. కొనువాడు సొమ్ము కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూచెడివాడు. కొనువాడే వాకిట నిలిచి వేడుచుండగా, చేయువాడు బండిని మార్చుట కేల శ్రమపడును? కనుక మనము స్థిరత్వమని మెచ్చుకొనునది కొంతవఱకు పోటీ లేమి.

పోటీ వచ్చినది 1983లో. భారత ప్రభుత్వము జపానులోని సుజుకీ కంపెనీతో కలిసి నడిపిన మారుతి సంస్థ, ఆ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన తన మొదటి 800 కారును ఇందిరాగాంధీ గారి చేతులమీదుగ ఇప్పించెను. 796 సి.సి. ఇంజను, మూడు సిలిండర్లు, ధర సుమారు ఏబది వేల రూపాయలు. అంబాసిడరుతో పోల్చిన బరువు చాల తక్కువ. తాగు పెట్రోలును తక్కువయే. మా వైపున కార్ల నెఱిగిన వారు దానిని చూచి అగ్గిపెట్టె యనిరి. గాలివాన వచ్చిన కొట్టుకొనిపోవు ననిరి. అట్లనిన వారిలో ఒకరు ఆ షెడ్డులోనే కూర్చుండి, "ఆ పాత 800 లాంటి బండి మళ్లీ పుట్టదండి" అని నాతో నిట్టూర్చిరి. ఆ బండి నిలిచిపోయినదియు 2014లోనే.

కారు ప్రియుల స్వభావము నాకు అచట తెలిసినది. బండి ఉన్నప్పుడు దాని లోపములే కనబడును. పోయిన తరువాత గుణములే మిగులును. 2013-14లో అంబాసిడర్లు దేశమంతట రెండువేల పైచిలుకు మాత్రమే అమ్ముడుపోయినవి. దానిని పొగడువారు లక్షలు, కొనువారు వేలు. కంపెనీవాడు పొగడ్తను లెక్కించడు, రశీదులను లెక్కించును. ఈ మాట కఠినమైనను దీనిని గుర్తుంచుకొనిన గాని కంపెనీల నడక మనకు బోధపడదు.

ఇక బండ్ల రూపము ఏటేట మారుట యను సంగతి. ఇది నేటి వింత కాదు. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ టి అను కారును బయలుదేరదీసి, 1927 వఱకు కోటి యేబది లక్షలు చేసి అమ్మెను. ఆయన పద్ధతి యొక్కటే: బండిని మార్చకుము, ధరను తగ్గింపుము. ఎనిమిదివందల డాలర్లు దాటిన ధర మూడువందలకు లోపునకు దిగెను. జనరల్ మోటార్సు కంపెనీని నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ దీనికి ప్రతిగా వేఱొక పద్ధతి పట్టెను. చవుక బండి మొదలు ఖరీదైన బండి వఱకు మెట్లు కట్టి, ఏటేట రూపము మార్చుచు, 1927లో రూపమునకే ప్రత్యేక శాఖ నేర్పఱచెను. నిరుటి బండి గలవానికి అది పాతబడినట్లు తోచవలెను. ఒక మెట్టు మీదివానిని చూచి ఎక్కవలెనను కోరిక పుట్టవలెను. ఫోర్డు కూడ చివరకు మోడల్ టి ని మానవలసి వచ్చెను. నాటినుండి నేటివఱకు కంపెనీల ఎత్తులన్నియు ఈ రెండు మార్గముల నడుమనే తిరుగుచున్నవి.

మన దేశమున ఫోర్డు మార్గమును పట్టినవారు టాటావారు. ఒక లక్ష రూపాయల కారని నానోను 2008లో చూపి, 2009లో అమ్మకమునకు తెచ్చిరి. స్కూటరు మీద భార్యాబిడ్డలతో వానలో తడియుచు పోవు కుటుంబమునకు నీడ నీయవలెనన్నది రతన్ టాటా గారి సంకల్పము. సంకల్పము పుణ్యమే, యంత్రమును తెలివిగలదే. కాని అన్నిటికంటె చవుక బండి యను పేరు దానికి అడ్డమైనది. మన యిండ్లలో కారు ప్రయాణమునకు మాత్రమే కాదు, గౌరవమునకును. అతి చవుక వస్తువును గుమ్మము ముందు నిలుపుటకు ఎవరికిని మనసొప్పలేదు. 2018లో అది నిలిచిపోయినది. నాడు కొననివారే నేడు నానోను మెచ్చుచున్నారు.

రెండవ ఆక్షేపణకు వత్తము. బండ్లకు తోక తెగినదేల? కొబ్బరి వర్తకుని కోపమంతయు ఇచటనే. "డిక్కీ ఉన్న కారని కొంటే రెండు పెట్టెలు పట్టవండి" అని ఆయన ఫిర్యాదు. దీనికి కారణము కంపెనీ శిల్పి కాదు, పన్ను చట్టము. 2006 బడ్జెటులో ప్రభుత్వము చిన్న కార్లకు ఎక్సైజు సుంకమును నూటికి 24 నుండి 16కు తగ్గించెను. చిన్న కారనగా నాలుగు మీటర్లకు, అనగా సుమారు పదమూడడుగులకు, మించని పొడవు గలది. పెట్రోలు ఇంజనైన 1200 సి.సి., డీసెలైన 1500 సి.సి. దాటరాదు. అంతట కంపెనీలవారు గజముబద్ద పట్టుకొని కూర్చుండిరి. మారుతివారి డిజైర్ అను కారు 2008లో 4160 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చినది. 2012లో మఱల వచ్చునప్పటికి 3995 మిల్లీమీటర్లు. గీతకు అయిదు మిల్లీమీటర్లు లోపల ఆగినది. తెగిన జానెడు లోపు పొడవు డిక్కీ నుండి పోయినది. సామాను చోటు 440 లీటర్ల నుండి సుమారు 316 లీటర్లకు దిగినది.

పన్ను గజముబద్దతో బండిని చెక్కుట మనకే కొత్త కాదు. ఇంగ్లండులో 1921 నుండి కార్లపై అశ్వశక్తికి ఒక పౌను చొప్పున పన్ను వేసిరి. ఆ అశ్వశక్తిని నిజముగ కొలువక, సిలిండరు రంధ్రపు వెడల్పును బట్టియు సిలిండర్ల సంఖ్యను బట్టియు లెక్కకట్టిరి. అందుచేత అచటివారు రంధ్రము సన్నగను, పిస్టను నడక పొడుగుగను ఉండు ఇంజనులను చేయుటకు అలవాటుపడిరి. ఆ అలవాటు జాడ మన అంబాసిడరు పాత పెట్రోలు ఇంజనులో సహితము కనబడును: రంధ్రము 73 మిల్లీమీటర్లు, నడక 89. లండనులో వేసిన పన్ను, అది రద్దయిన తరువాత సహితము, కోనసీమ కాలువగట్లమీద ఎన్ని యేండ్లు తిరిగినదో చూడుడు.

మన పన్ను గీత కూడ అట్లే నిలిచియున్నది. 2017లో జి.ఎస్.టి. వచ్చినను నాలుగు మీటర్ల గీత చెరిగిపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ గీతకు లోపలి చిన్న పెట్రోలు, డీసెలు కార్లకు నూటికి 18, పెద్దవానికి నూటికి 40 చొప్పున పన్ను ఏర్పడినది. కనుక నాలుగు మీటర్లలోపు బండ్లన్నియు ఒకే తల్లి బిడ్డలవలె ఉన్నవని విసుగుకొనువారు, ఆ తల్లి ఢిల్లీలోని పన్ను పట్టిక యని ఎఱుగవలెను.

పొట్ట పెరుగుట సంగతి వేఱు. నేడు మన దేశమున అమ్ముడగు ప్రయాణికుల బండ్లలో సగమునకు మించినవి జీపు పోలిక గల ఎత్తు బండ్లే. దీనికి కొనువారి వైపున కారణములు కలవు: గతుకుల దారి, ఎత్తున కూర్చుండిన దూరము కనబడుట, నలుగురిలో హుందాతనము. చేయువారి వైపునను కారణము కలదు: చిన్న బండిమీద మిగులు లాభము స్వల్పము, ఎత్తు బండిమీద అధికము. కారు ప్రియులు దీనిని వేషమని తిట్టుదురు. వారి మాటలో నిజము లేకపోలేదు. జీపు వలె కనబడు వానిలో పెక్కింటికి ముందు రెండు చక్రములు మాత్రమే ఇంజను బలమున తిరుగును. బురదలో దిగబడినచో అవియును మన చిన్న కారువలెనే ఎడ్లకొఱకో ట్రాక్టరుకొఱకో చూడవలెను.

ఇచట నేనొక లెక్క చెప్పెదను. మన రాష్ట్రముననే పెనుకొండ వద్ద కొరియా దేశపు కియా కంపెనీ పెద్ద కర్మాగారము కట్టి, 2019 ఆగస్టులో సెల్టాస్ అను ఎత్తు బండిని విడుదల చేసినది. ఆ 2019 బండి పొడవు 4315 మిల్లీమీటర్లు. మన పాత అంబాసిడరు పొడవు 4325. ఎత్తులోను రెండును ఇంచుమించు సమానమే. పాత బండి పోయినదని ఒకరు విలపించుచు, కొత్త ఫ్యాషను వచ్చినదని మఱొకరు మురియుచుండగా, పొడవును ఎత్తును తిరిగి మొదటికే వచ్చినవి. భేదము వెడల్పులో నున్నది: అంబాసిడరు కంటె సెల్టాస్ సుమారు అయిదు అంగుళములు వెడల్పు. పట్టణపు విశాలమైన రోడ్డు మీద ఆ అయిదంగుళములు లెక్కకు రావు. మన కాలువగట్టు మీద, ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క కొబ్బరిచెట్లు, ఎదుట ధాన్యపు లారీ యుండగా, ఆ అయిదంగుళములే ప్రాణము. ఎత్తును గూర్చియు పొడవును గూర్చియు కొట్లాడిన ఆ నలుగురిలో ఒక్కరును వెడల్పు మాట ఎత్తలేదు.

దృఢత్వమును గూర్చి కారు ప్రియులు చేయు ఆక్షేపణ అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఏలయన అది వినుటకు సత్యమువలె నుండును. "పాత బండి రేకు మీద గుద్దితే చెయ్యి నొప్పెడుతుంది, ఇప్పటిది వేలితో నొక్కితే లోపలికి పోతుంది" అని మా మేనల్లుడు కూడ వారితో గొంతు కలిపెను. కాని కొబ్బరికాయను తలచుకొనుడు. పీచుతో చెట్టునుండి పడినకాయ పగులదు; ఒలిచిన కాయ పగులును. పీచు మెత్తనిది గనుకనే దెబ్బను తాను మ్రింగి లోపలి చిప్పను కాపాడును. నేటి మంచి కారులో ముందుభాగము పీచువంటిది, అది నలుగుటకే చేయబడినది. మనుష్యులుండు గది చిప్పవంటిది, అది నలుగరాదు. పాత బండి మందపు రేకు నలుగక దెబ్బను నేరుగ లోనివారి మీదికి పంపును.

ఐతే కొత్త బండ్లన్నియు ఇట్లు చేయబడినవని నమ్మరాదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున విరివిగ అమ్ముడగు అయిదు చిన్న కార్లను గోడకు గుద్దించి పరీక్షింపగా, అయిదింటికిని పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రమైనను రాలేదు. కంపెనీలు నేర్వనివి కావు. చట్టము అడుగలేదు గనుక చేయలేదు. 2019 నుండి నడుపువానికి ఎయిర్ బ్యాగును, జాఱకుండ ఆపు బ్రేకులను తప్పనిసరి చేసిరి. 2023 అక్టోబరులో మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్షా పద్ధతిని నెలకొల్పినది. ఈ విషయమున పోయిన కాలమును కోరుట మేలు కాదు. నక్షత్రము లెన్ని యని అడుగుట మేలు.

మూడవ ఆక్షేపణ మరమ్మతును గూర్చినది. దీనిని చెప్పినవాడు మెకానిక్కే. అంతవఱకు అతడు చేతిలోని పానాను తుడుచుకొనుచు వినుచుండెను. "ఆయ్, మేష్టారూ, అంబాసిడరుకి ఒక పానా, ఒక తీగ, టాంకీ కారితే ఒక సబ్బుముక్క ఉంటే ఇంటికి చేర్చేవాణ్ణండి. ఇప్పటి బండిలో దీపం వెలిగిందంటే, ఎందుకు వెలిగిందో చెప్పడానికి ఇంకో పెట్టె కావాలండి. ఆ పెట్టె నా దగ్గర లేదండి. మావాడు ఈ పని నేర్చుకోనన్నాడండి" అనెను. మిగిలిన వారందఱు ఒక్క క్షణము మాటాడలేదు.

ఈ ఫిర్యాదునకు రెండు ముఖములున్నవి. ఒకటి, యంత్రము మారుట. పొగను గూర్చిన నియమములు 2000 నుండి దేశమంతట బిగిసి, 2020 ఏప్రిలులో భారత్ స్టేజి ఆఱు వఱకు వచ్చినవి. పెట్రోలును గాలిని వలసినంతయే కలుపుటకు పాత కార్బురేటరు చాలదు. క్షణక్షణము కొలిచి ఆజ్ఞాపించు చిన్న కంప్యూటరు కావలెను. మన మనుమలు పీల్చుగాలి కొఱకు ఈ మార్పు తప్పదు. రెండవ ముఖము వ్యాపారపు ఎత్తు. విడిభాగములను, మరమ్మతు పుస్తకములను, ఆ పరీక్ష పెట్టెలను తమ సొంత వర్క్‌షాపులకే యిచ్చి, బయటివారికి దొరకకుండ చేయుట. ఇది తప్పని భారత పోటీ కమిషను 2014 ఆగస్టు 25న తీర్పు చెప్పి, పదునాలుగు కార్ల కంపెనీలకు మొత్తము 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా విధించినది. కంపెనీలు దానిపై అప్పీళ్లకు పోయినవి. 2022 డిసెంబరులో వినియోగదారుల శాఖవారు మరమ్మతు హక్కు అను పేర ఒక వేదికను తెఱచి, కార్లను కూడ అందు చేర్చిరి. కనుక మా మెకానిక్కు ఏడ్పు ఒక షెడ్డు ఏడ్పు కాదు. దేశపు న్యాయస్థానములకు ఎక్కిన తగవు.

ఈ విషయమున కారు ప్రియులు చెప్పునది వినదగినది. వారు బండిని బోనెట్టు తెఱచి చూతురు. మనము రంగు చూతుము. కారులో మీటలన్నియు తీసివేసి పెద్ద అద్దపు తెర పెట్టుటను వారు మొదటినుండియు నిందించిరి. దారి విడిచి తెరను చూచినగాని చల్లగాలి తగ్గదేమి యని వారి ప్రశ్న. ఐరోపాలోని పరీక్షా సంస్థ సహితము 2026 నుండి, హారను, దీపపు సైగలు, అద్దము తుడుచు కర్రలు మొదలగు అయిదు పనులకు చేతికి తగులు మీటలుండిన గాని పూర్తి మార్కు లీయనని నిర్ణయించినది. ఇచట గెలిచినవారు కారు ప్రియులే. కంపెనీవారి లెక్కలో తెర చవుక, మీటలు ఖరీదు. ఆ సంగతి వారు పైకి చెప్పరు.

విద్యుత్తు కార్ల మాట మీరడుగుదురని తెలియును. వానికి పొగ లేదు, కదలు భాగములు తక్కువ, ఊరిలోని తిరుగుడుకు ఖర్చు స్వల్పము. కాని తుపాను తరువాత మన ఊళ్లలో దీపములు వెలుగని దినములు మీరెఱుగనివి కావు. ఆ దినములలోనే ఆసుపత్రి పని పడును. ఇంటిలో వేఱొక బండి యున్నవారికి అది మేలు. ఒకే బండి యుంచుకొనువారు ఆలోచింపవలెను.

ఇన్ని వినిన పిమ్మట మా మేనల్లుని ప్రశ్నకు ప్రత్యుత్తర మేమి? దానిని చెప్పినవాడును మెకానిక్కే. "ఈయన మెచ్చిందీ ఆయన మెచ్చిందీ కాదండి. ముందు అమ్మగారిని తీసుకెళ్లి ఎక్కించి దింపండి" అనెను. మఱుచటి వారము అక్కయ్యను అమలాపురమునకు తోడ్కొని పోయి మూడు రకముల బండ్లను చూపితిమి. మా వానికి నచ్చిన ఎత్తైన బండి ఎక్కుటకు ఆమె కాలు లేవలేదు. ఇద్దఱము పట్టి ఎక్కింపవలసి వచ్చెను. రెండవది నేలకు దగ్గఱగా నుండెను. అందు కూర్చుండెను గాని లేవలేకపోయెను. మూడవదాని సీటు ఆమె తొడ ఎత్తుననే యున్నది. తలుపు నిండుగ తెఱచుకొనినది. ఆమె ప్రక్కకు తిరిగి కూర్చుండి, మెల్లగ కాళ్లు లోపలికి తీసికొని, "ఇందులో నా కాళ్లు నా మాట వింటున్నాయిరా" అనెను. అందు తెర చిన్నది, రంగు సాధారణము. మా వాని ముఖము కొంచెము చిన్నబోయినది గాని అదియే కొంటిమి.

సొమ్ము కట్టక పూర్వము మేము చేసిన పనులను మీకును విన్నవించెదను. మొదట, ఇంటిలో అందఱికంటె పెద్దవారిని స్వయముగ ఎక్కించి దింపితిమి. కొట్టులోని చల్లని గదిలో కాక, బయట నేలమీద. రెండవది, బండి వెడల్పును అద్దములతో సహా అడిగి, మా వీధి మలుపు వద్దను కాలువ వంతెన వద్దను టేపుతో కొలిచితిమి. మూడవది, రక్షణ పరీక్షలో ఆ రకమునకే ఎన్ని నక్షత్రములో అడిగితిమి. ఆ పేరు గల వేఱొక రకమునకు వచ్చిన నక్షత్రములు మనకు పనికిరావు. నాల్గవది, ముందు దీపము, ప్రక్క అద్దము, బంపరు, క్లచ్చి, ఈ నాలుగింటి ధర కాగితముపై వ్రాయించుకొంటిమి. వానిని బయటి మెకానిక్కు కొనవచ్చునా యని అడిగితిమి. కొట్టువాడు మొదట నవ్వెను. ఇంతవఱకు ఈ ప్రశ్న ఎవరు నడుగలేదని చెప్పెను. తరువాత వ్రాసి యిచ్చెను.

పెద్దలారా, ఆ నవ్వును గూర్చియే నేను మిమ్ము ఆలోచింపు మని కోరుచున్నాను. కంపెనీవారు మన పొగడ్తను గాని తిట్టును గాని లెక్కింపరని మొదట చెప్పితిని. వారు లెక్కించునది కొనువాడు అడుగు ప్రశ్నలను. 2014 వఱకు నక్షత్రములను గూర్చి ఎవరు నడుగలేదు. అడుగ నారంభించిన తరువాత, 2018లో టాటావారి నెక్సాన్ అను కారు అయిదు నక్షత్రములు తెచ్చుకొనినది. అట్లే ప్రతి యూరినుండియు, విడిభాగ మెంత, దొరకుచోటెచట, మా ఊరి మెకానిక్కు చేయగలడా యని అడుగువారు పదిమంది బయలుదేరిరేని, ఆ ప్రశ్న కూడ వారి లెక్కపుస్తకమున కెక్కును.

మా మెకానిక్కు ఇటీవల మఱి ఇద్దఱు సహవృత్తివారితో కలిసి, తలా కొంత వేసికొని, ఆ పరీక్ష పెట్టె నొకదానిని కొనినాడు. అది అన్ని బండ్ల మాటలు వినదట. కొన్నింటి మాట వినునట. అతని కుమారుడు సాయంకాలములందు వచ్చి, తెరమీది అక్షరములను తండ్రికి చదివి చెప్పుచున్నాడు. పని నేర్చుకొనునో లేదో ఇంకను తెలియదు. అక్కయ్య మాత్రము నెల తప్పక కాకినాడ పోయి వచ్చుచున్నది.

మీ యిండ్లలో కారు మాట పుట్టినప్పుడు, తెలిసినవారి మాట వినుడు, కంపెనీవారి మాటయు వినుడు. తరువాత మీ దారిని కొలిచి, మీ కాళ్లను అడిగి నిశ్చయింపుడు. సెలవు.